లావోస్ కొండదారిలో మా అత్త

ప్రొద్దుటూరులో బట్టల కొట్టు మా ఆయనకు అప్పజెప్పాక, డెబ్బై ఏళ్ల మా అత్త ఒకరోజు నాతో, "ఎవురూ పోని దేశం యాడన్నా చూపియ్యమ్మా" అంది. ఇద్దరం లావోస్ వెళ్లాం.

అక్కడ మెకాంగ్ నదిని చూసి, "మన పెన్నలో దీంట్లో సగం నీళ్లుంటే చాలు" అని నిట్టూర్చింది.

మర్నాడు వరిచేలు దాటి బస్సు కొండలెక్కుతుంటే, ముందు కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోయింది. దగ్గర్లోని పల్లెలో, ఇంటి ముందు మగ్గం మీదున్న ఒక ముసలామె మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. వెదురుబుట్టలో జిగురన్నం పెట్టింది.

"బాగుండాది గానీ కారమే లేదే" అంటూ అత్త సంచిలోంచి చెనిక్కాయల కారప్పొడి తీసి, ఆమెకూ కాస్త వేసింది. ఆ ఘాటుకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మళ్లీ చెయ్యి చాపింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

తర్వాత అత్త మగ్గం మీది బట్టను తడిమి, "ఈ పట్టు యాడ కొన్నావక్కా?" అని తెలుగులోనే అడిగింది. ఆమె లోపలికి తీసుకెళ్లి పట్టుపురుగుల తట్ట చూపించింది. అత్త చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయింది.

సాయంత్రానికి దారి తెరిచారు. ముసలామె మా అత్త మణికట్టుకు తెల్లదారం కట్టి, ఏదో దీవించి పంపింది.

ఇంటికొచ్చాక ఎవరైనా ఆ దారం ఏ గుడిదని అడిగితే, అత్త "గుడిది కాదప్పా, మా అక్క కట్టింది" అనేది. నెల తర్వాత స్నానం చేస్తుంటే అది తెగిపోయింది. ఆ పూట ఆమె సరిగ్గా అన్నం తినలేదు.