ఏడో బుట్టకు అడ్డంగా పైన్ చెట్టు

డిస్క్ గోల్ఫ్ ఆటలో, అడవిలో వరసగా నిలబెట్టిన గొలుసుల బుట్టల్లోకి పళ్లెం లాంటి డిస్కు విసిరే ముందు టెల్లెర్వో దాన్ని ప్యాంటుకు రుద్ది తుడుస్తుంది, ఉన్నిటోపీని కనుబొమల దాకా లాక్కుంటుంది, కళ్లు మూసుకుని విసురుతుంది. ఆ కాసేపూ ఎవరూ నోరెత్తకూడదు. బస్సు నడిపిన రోజుల్లోనూ అంతే, స్టీరింగు పట్టుకున్నాక పలకరింపులు లేవు. భుజానికి ఆపరేషనయ్యాక ఏళ్ల తరబడి ఈ అడవి మొహం చూడలేదు. ఈ సెప్టెంబరు పొద్దున్న రబ్బరు బూట్లేసుకుని, ఫ్లాస్కు నిండా కాఫీతో దిగింది. తడినాచు వాసనకీ నవ్వే, డిస్కు తగిలి బుట్ట గొలుసులు ఝల్లుమన్నా నవ్వే. ఎప్పటి నుంచో జోడీగా ఆడే ఇల్పో మాత్రం ఆమె భుజం వంకే దిగులుగా చూస్తున్నాడు.

ఏడో బుట్టకు అడ్డంగా ఒక పెద్ద పైన్ చెట్టు. డిస్కు దాన్ని ఎడమ నుంచి చుట్టి రావాలి. టెల్లెర్వో అటు చూడనైనా చూడకుండా టోపీ లాక్కుని, కళ్లు మూసుకుని విసిరింది. డిస్కు ఎడమకు పోయి, నిండుగా వంపు తిరిగి, బుట్ట పక్కనే వాలింది. భుజం కిక్కురుమనలేదు.

"ఎవరికి దారిచ్చావమ్మా?" అన్నాడు ఇల్పో, నవ్వాపుకోలేక. "ఆ చెట్టు నిరుడే గాలివానకి పడిపోయింది."

కళ్లు తెరిచి చూస్తే అడవిపళ్ల పొదల్లో మొద్దు మాత్రమే ఉంది. బుట్ట తిన్నగా ఎదురుగా కనిపిస్తోంది.

"సరే, నువ్వు తిన్నగా వెయ్యి, చూస్తాను."

ఇల్పో విసిరాడు. అతని డిస్కూ ఎడమకే పోయి, లేని చెట్టును చుట్టి వచ్చింది.

"నిరుటి నుంచీ ఇంతే," అన్నాడు సిగ్గుపడుతూ. "చెట్టు లేదని ఈ చేతికి చెప్పలేకపోతున్నాను."

"చెప్పకు," అంది టెల్లెర్వో, అతని కప్పులో కాఫీ పోస్తూ.