రోజు విడిచి రోజు గంతులేసిన కర్సర్

నాకు చూపు లేదు. లాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ నేను నొక్కిన అక్షరాన్నీ తెర మీది వాక్యాన్నీ చదివి వినిపిస్తుంది. నా పనంతా చెవులతో, వేళ్ళతో. కీబోర్డు కింద, వేలు జరిపితే తెర మీద బాణం గుర్తు కదిలే టచ్‌ప్యాడ్ నాకు ఎందుకూ పనికిరాదు. అందుకే కొన్న రోజున, బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో షాపాయన దాన్ని పనిచేయకుండా కట్టేసి ఇచ్చాడు. ఎలా కట్టాడో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

క్యాసంబళ్ళిలో మా అన్నావదినల దగ్గర ఉంటాను. మా జిల్లాలోనే ఉన్న నరసాపురం ఫ్యాక్టరీలకు మనుషుల్ని చేరవేసే ఒక బస్సుల కాంట్రాక్టరు దగ్గర ఇంటి నుంచి చేసే పని దొరికింది. ఎవరు ఏ షిఫ్టుకు ఏ స్టాపులో ఎక్కాలో పట్టికలో టైపు చేసి పంపాలి. కొన్నాళ్ళు చూసి ఖాయం చేస్తామన్నారు. ఖాయం కాకపోతే మా పట్టుపురుగుల షెడ్డులో గూళ్ళు ఏరుకోవడమే. గూళ్ళు ఏరడం తక్కువ పనేమీ కాదు, చిన్నప్పటి నుంచీ నా వేళ్ళకు అలవాటే. కాని అది మా అన్న పని. ఇది నా పని. ఇంట్లో తిండికి కొదవలేదు కదా, నీకెందుకీ తంటా అని వచ్చినవాళ్ళందరూ అడిగేవాళ్ళు. కళ్ళున్న ఏ ఆడపిల్లనూ వాళ్ళు ఆ మాట అడగగా నేను వినలేదు.

చేరిన కొత్తలోనే ఒకరోజు స్క్రీన్ రీడర్‌కు పూనకం వచ్చింది. నేను ఒకటి టైపు చేస్తుంటే అది తెర మీద ఎక్కడెక్కడి మాటలో అందుకుని చదవడం మొదలుపెట్టింది. సెట్టింగులన్నీ గాలించాను. బాణం గుర్తు కిందికి వచ్చిన మాటనల్లా చదవమనే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని ఆపేశాను. నోరు మూసుకుంది. పీడ వదిలిందని ఒక కాఫీ తాగి మళ్ళీ పనిలో కూర్చున్నాను.

రోగం పోలేదు, మూలుగు ఆగిందంతే. నేను పంపిన పట్టికల్లో తప్పులు బయటపడసాగాయి. ఒకరి స్టాపు ఇంకొకరి గడిలో, ఒకరి షిఫ్టు మరొకరి పేరు పక్కన. గౌనిపల్లి వాళ్ళకు రావాల్సిన బస్సు వేళ మా ఊరి వాళ్ళ వరుసలో పడి, తెల్లవారకముందే కొందరు రోడ్డు మీద ఊరికే నిలబడ్డారు. వాళ్ళలో మా వీధివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఎవర్ని తిట్టారో వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు.

విచిత్రమేమిటంటే ఒకరోజు పని అద్దంలా ఉండేది, మర్నాడు అంతా చెడేది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరంలాగా. మంచి రోజున చేసినంత జాగ్రత్తగానే చెడ్డ రోజునా చేసేదాన్ని. టైపు చేసే అక్షరాలు ఒక్కటీ తప్పు పోకుండా చెవిన పడేవి. అవి ఏ గడిలో పడుతున్నాయో మాత్రం చెవికి తెలియదు. పంపే ముందు రెండోసారి చదువుకునే అలవాటు చేసుకున్నాను. దిద్దబోతే దిద్దింది కూడా వేరే చోట పడేది. మా సూపర్‌వైజరు మర్యాదస్తుడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఇది కంటితో చూసి చేయాల్సిన పని కదమ్మా, నెలాఖరుదాకా చూద్దాం, తర్వాత ఇంకెవరికైనా అప్పగిద్దాం అన్నాడు. సరే సార్ అన్నాను. ఆ సాయంత్రం షెడ్డులో వదిన పక్కన కూర్చుని గూళ్ళు ఏరాను. ఇంగ ఇదే నా పని అనుకుంటూ ఏరాను.

నెలాఖరుకు ముందు ఒక చెడ్డ రోజున విసుగొచ్చి, నేను నోరు మూయించిన ఆ ఏర్పాటును మళ్ళీ తెరిచాను. టచ్‌ప్యాడ్ మీద వేలు జరిపితే స్క్రీన్ రీడర్ గొంతు వాగడం మొదలుపెట్టింది. మర్నాడు జరిపితే చప్పుడు లేదు. అంటే కట్టేసిన టచ్‌ప్యాడ్ ఎవరూ విప్పకుండానే విప్పుకుంటోంది, మళ్ళీ కట్టుకుంటోంది. అది విప్పుకున్న రోజున నా బొటనవేలు కాస్త తగిలితే చాలు, కర్సర్ ఎగిరి ఇంకో గడిలో కూర్చుంటోంది.

షాపాయనకు ఫోన్ చేశాను. గనుల కుటుంబం మనిషి, తమిళం కలిపిన తెలుగు మాట్లాడతాడు. సాఫ్ట్‌వేర్ తప్పేమీ కాదన్నాడు. "టచ్‌ప్యాడ్ ఎడం పక్క పై మూలలో చిన్న గుంత ఉండాది పారుమ్మా, తడిమి చూడు. దాని మీద రెండు సార్లు తట్టితే లాక్ అయితాది, ఇంగ రెండు సార్లు తట్టితే తెరుచుకుంటాది. ఎవరన్నా తట్టినారా?"

మా ఇంట్లో లాప్‌టాప్ మీద చెయ్యి వేసే పిల్లలు లేరు. ఆ మూల వేలితో తడిమాను. సన్నని పొడి అంటింది. వాసన చూస్తే పసుపు.

వదినను పిలిచి అడిగాను. రోజూ పొద్దున్నే గడపకు, పొయ్యికి, పాలక్యానుకు బొట్టు పెట్టే చేత్తోనే, నేను పనిలో చేరినప్పటి నుంచీ లాప్‌టాప్‌కూ పెడుతున్నానని చెప్పింది. ముందు పసుపు, దాని మీద కుంకుమ. రెండు సార్లు వేలు ఆనించడం. పాత బొట్టు తుడిచి కొత్తది పెట్టేదట.

"నీకు కూడు పెట్టే మిషను కదా పాపా. బొట్టుకు జాగా వాళ్ళే గుంత చేసి ఇడిసినారు అనుకుంటి. పెట్టినంక ఒగనాడు చిన్న లైటు వెలుగుతాది, ఒగనాడు ఆరిపోతాది. దానికీ ఒక లెక్క ఉండాదిలే అనుకున్న్యా."

లైటు వెలిగితే కట్టేసినట్టు, ఆరితే విప్పినట్టు. నేను ఇన్నాళ్ళూ వెతికింది ఆమె రోజూ చూస్తూనే ఉంది. నేనడగలేదు, చెప్పాల్సిన సంగతని ఆమెకు తెలియదు. నవ్వొచ్చింది, నవ్వాను. వదిన నవ్వలేదు. తన చేత్తోనే నా పనికి గండి కొట్టానని కుంగిపోయింది. ఇకనుంచి పై మూత మీద పెట్టమన్నాను. మిషను పక్కకే రానంది. ఆమెను ఒప్పించడం సెట్టింగులు వెతకడంకంటే కష్టమైంది.

తర్వాత పంపిన పట్టికల్లో ఒక్క తప్పూ రాలేదు. నెలాఖరున సూపర్‌వైజరు ఫోన్ చేసి పని ఖాయమన్నాడు. ఏమైంది అని అడిగితే పసుపు, కుంకుమ, గుంత, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు నవ్వాడు. తర్వాత తగ్గు గొంతుతో, మేమంతా చూపు లేకపోవడం వల్లే అనుకున్నామమ్మా, ఏమీ అనుకోవద్దు అన్నాడు. ఏమీ అనుకోను సార్ అన్నాను.

నిజంగానే ఏమీ అనుకోలేదు. ఆయన నన్ను ఒక్కసారి కూడా చూడని మనిషి, ఆయనకు ఆ అనుమానం రావడం సహజం. ఫోన్ పెట్టేశాక వచ్చిన కోపం ఆయన మీద కాదు. పుట్టినప్పటి నుంచీ ఈ చేతులతోనే బతుకుతున్నాను. అవి తప్పు చేయవని నాకంటే తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఇది కంటితో చేసే పని అని ఆయన ఒక్క మాట అనగానే, షెడ్డులో కూర్చుని, నేనూ నమ్మేశాను.