నా చేతిలో ఎప్పుడూ జామ్ కాని పిస్టల్

మా గరాజ్‌లో వాషింగ్ మెషిన్ పక్కన ఒక బల్ల ఉంది. ఇప్పుడు దాని మీద ఆవకాయ జాడీలు, పనిచేయని ప్రింటరు పెట్టుకున్నాం. మూడేళ్ళ కిందట దాదాపు ఏడాది పాటు ఆ బల్ల మీద ఒక పిస్టల్ ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉండేది. శనివారం పొద్దున కాఫీ తాగి దాని ముందు కూర్చున్నానంటే, మా ఆవిడ అన్నానికి రెండుసార్లు పిలిచేదాకా లేచేవాణ్ణి కాదు. ఆ ఏడాది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మేము అమెరికాలో ఈ బెంటన్‌విల్‌కి వచ్చి అప్పటికి పదేళ్ళు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. ఆ పని చేసి చేసి ఇంట్లో కూడా నాకు తప్పులు తప్ప ఇంకేమీ కనిపించవని మా ఆవిడ అంటుండేది. మాకు గ్రీన్ కార్డులు వచ్చిన ఏడాది, మనవాళ్ళ ఇళ్ళలో బంగారం కోసం దొంగలు పడుతున్నారని వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. పిస్టల్ కొనాలన్న సరదా నాకు అంతకు ముందు నుంచే ఉంది. దొంగలు నాకు సాకుగా దొరికారు. ఆవిడ వద్దనలేదు కానీ ఒక షరతు పెట్టింది. "ఇంట్లో పెట్టే వస్తువు నాక్కూడా వాడడం రావాలి. లేకపోతే కొనకండి," అంది.

సెకండ్ హ్యాండ్‌లో ఒక నైన్ ఎంఎం సెమీ ఆటోమేటిక్ కొన్నాను. ప్రతి ఆదివారం ఇద్దరం ఊరి చివర ఉన్న షూటింగ్ రేంజ్‌కి వెళ్ళేవాళ్ళం. మొదటి మూడు నెలలూ నాకంటే ఆవిడ గురే బాగుండేది. తను గుండ్లు కాల్చిన గురి కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అంటించింది. ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళు అది నాదనుకుని మెచ్చుకుంటే, నేను కాదని చెప్పేవరకూ నా మొహం వంకే చూస్తూ నవ్వేది.

మే నెలలో ఒక ఆదివారం ఆవిడ చేతిలో పిస్టల్ మొదటిసారి జామ్ అయింది. గుండు పేలాక బయటికి ఎగిరిపోవాల్సిన ఖాళీ తొడుగు పోకుండా పైన నిలువుగా ఇరుక్కుంది. నేను తీసుకుని దాన్ని లాగేసి పది గుండ్లు కాల్చాను. ఏమీ కాలేదు. ఆవిడకి ఇచ్చాను. నాలుగోదానికి మళ్ళీ ఇరుక్కుంది. కొంచెం గట్టిగా పట్టుకోమన్నాను. గట్టిగానే పట్టుకున్నానండీ అంది. ఆ మాట నిజమే. తన మటుకు తను గట్టిగానే పట్టుకుంది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు సంతోషమేసింది. ఎప్పుడో ఒకసారి వచ్చి మాయమయ్యే తప్పు పట్టుకోవడం మా వృత్తిలో అన్నిటికంటే కష్టం. అలాంటిది ఇల్లు కదలకుండా నా బల్ల మీదికే వచ్చింది. వీడియోలు చూశాను. గుండ్లు పేర్చే మ్యాగజైన్‌లోంచి గుండు బ్యారెల్‌లోకి ఎక్కేచోట ఉండే చిన్న ఏటవాలుని పాలిష్ పెట్టి, నా మొహం అందులో కనపడేదాకా రుద్దాను. స్ప్రింగులు మార్చాను. మూడు కొత్త మ్యాగజైన్లు కొని, ఏది ఏదో తెలియడానికి ఆవిడ గోళ్ళ రంగుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాను. ఉద్యోగం బుద్ధి ఎక్కడికి పోతుంది, ఎక్సెల్‌లో ఒక షీట్ కూడా తెరిచాను. తేదీ, ఏ గుండ్లు, ఏ స్ప్రింగు, ఏ మ్యాగజైను, ఎన్నో గుండుకి ఇరుక్కుంది, ఆ రోజు ఎండా చలా, అన్నిటికీ గడులు పెట్టాను. కాల్చింది ఎవరన్న గడి మాత్రం పెట్టలేదు. అది కూడా ఒక వివరమని నాకు తట్టలేదు.

ఆ దీపావళికి మా ఆవిడ ఇండియన్ స్టోర్‌లో కజ్జికాయల ప్లాస్టిక్ అచ్చు కొనుక్కొచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచీ కజ్జికాయ అంచు వేళ్ళతోనే మడిచేది. తాడు పేనినట్టు అంత ఒద్దికగా వచ్చేది. ఈసారి వేళ్ళు సరిగా తిరగడం లేదంది. మేడమ్‌కి కూడా ఆటోమేషన్ వచ్చిందన్నమాట అని వేళాకోళం చేసి, పిండి అంటిన చేత్తో నెత్తిన ఒక మొట్టికాయ తిన్నాను. ఆ మొట్టికాయ కూడా మెత్తగానే తగిలింది. ముద్దుగా మొట్టిందనుకున్నాను.

రేంజ్‌లో పాఠాలు చెప్పే పెద్దాయన ఒకరు ఉండేవారు. డెబ్బై ఏళ్ళ అమెరికన్, మితభాషి. రెండు ఆదివారాలు మా వెనకాల నిలబడి చూశారు. మూడో ఆదివారం పిస్టల్ తీసుకుని తనే ఒక మ్యాగజైన్ కాల్చి, నాకు తిరిగిచ్చి, నన్ను పక్కకి పిలిచారు. పిస్టల్‌లో లోపం లేదన్నారు. గుండు పేలిన దెబ్బకి పిస్టల్ పైభాగం పూర్తిగా వెనక్కి పోయి రావాలంటే పట్టుకున్న మణికట్టు కదలకుండా నిలబడాలి, అది వంగితే ఎంత మంచి పిస్టలైనా ఇరుక్కుంటుందని ఓపికగా వివరించారు. చివర్లో, "పిస్టల్‌ని బాగానే చూశారు. ఆవిడ చేతులు ఎవరికైనా చూపించండి," అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆడవాళ్ళంటే ఈ మనుషులకి లోకువ, అందులో మనలాంటి ఆడవాళ్ళంటే మరీ లోకువ అని కార్లో దారంతా తిట్టాను. నీ గురి చూసి కుళ్ళుకుంటున్నాడన్నాను. నేను ఆవిడ పక్షాన పోట్లాడుతున్నానని నా నమ్మకం. ఆవిడ తన అరచేతిని చూసుకుంటూ కూర్చుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఈ మధ్య వేళ్ళు కొంచెం మొద్దుబారినట్టు ఉంటున్నాయండీ," అంది.

రోజంతా కీబోర్డ్ కొడుతుంటావు కదా, అదే అయ్యుంటుందన్నాను. ఇంటి నుంచే బిల్లింగ్ పని చేసేది. మర్నాడే చేతి కింద పెట్టుకునే మెత్తటి దిండు ఒకటి ఆర్డర్ చేశాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి నలభై నిమిషాల దూరంలో ఉన్న ఇంకో రేంజ్‌కి మారిపోయాం. ఆ దిండు రెండు రోజుల్లో వచ్చింది. భర్తగా చేయాల్సింది చేసేశాననుకున్నాను.

జనవరిలో ఒక ఆదివారం తను రానంది. మీరు వెళ్ళి రండి, నాకు ఓపిక లేదంది. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. ఆ నెలలో నాలుగు ఆదివారాలు కలిపి మూడు వందల గుండ్లు కాల్చాను. ఒక్కటి కూడా ఇరుక్కోలేదు. ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న ఆవిడతో ఫిక్స్ అయిపోయిందని గొప్పగా చెప్పాను. మంచిదేగా అంది. ఇరవయ్యేళ్ళుగా నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఒకటుంది. కస్టమర్ దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతోందయ్యా అంటే, రాసినవాడు తాపీగా నా కంప్యూటర్‌లో బాగానే నడుస్తోందంటాడు. ఆ మాట అన్న కుర్రాళ్ళని మీటింగుల్లో ఎంతమందిని కడిగేశానో. ఆ సాయంత్రం నేను చెప్పింది అదే మాట.

ఏప్రిల్‌లో ఆవిడ చేతిలోంచి పప్పు గిన్నె జారి పాదం మీద పడింది. హాస్పిటల్‌లో కట్టు కట్టడానికి వచ్చిన నర్సు, పాదం కంటే ఎక్కువసేపు చేతులు చూసింది. గుండీ పెట్టమంది. మా ఆవిడ తన కోటు గుండీని రంధ్రంలోకి తొయ్యలేక రెండు నిమిషాలు తంటాలు పడింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇంట్లో ఆవిడ కొన్నాళ్ళుగా గుండీలు లేని బట్టలే వేసుకుంటోందని అప్పుడు గుర్తొచ్చింది. వారం తిరక్కుండా స్కాన్‌లు తీశారు. మెడలో ఎముక పెరిగి వెన్నుపాముని నొక్కుతోందని తేలింది. మెడ నొప్పని ఆవిడ ఒక్కసారీ అనలేదు. జబ్బు చేతుల్లోనే బయటపడింది.

ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ, చేతుల్లో పట్టు తగ్గడం ఎప్పుడు మొదలైందని అడిగింది. మా ఆవిడ గుర్తులేదన్నట్టు నా వైపు చూసింది. నాకు గుర్తుంది. షీట్‌లో మొదటి వరస అది. నెల, తేదీ, ఆదివారం మధ్యాహ్నం, నాలుగో గుండు. పదకొండు నెలలైందని చెప్పాను. అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారని డాక్టరమ్మ అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది. తను రాసుకుంటూనే, ఇంకా పాడవకుండా ఆపగలం, ఇన్ని నెలల్లో పోయింది తిరిగి వస్తుందని మాత్రం మాటివ్వలేమంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడ నడుస్తుంది, కారు నడుపుతుంది. కుడిచేతిలో రెండు వేళ్ళు మాత్రం తనవి కానట్టే ఉంటాయి. హాస్పిటల్ నుంచి వచ్చిన వారంలో ఆ షీట్ తెరిచి, కాల్చింది ఎవరన్న గడి కొత్తగా పెట్టి నింపుకుంటూ వచ్చాను. జామ్ అయిన ప్రతి వరసలోనూ ఆవిడే. ఒక్క చోట కూడా నేను లేను. ఆ గడి మొదటి నెలలోనే పెట్టి ఉంటే, నా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు కూడా ఐదు నిమిషాల్లో చెప్పేవాడు.

పిస్టల్‌ని కొన్న కొట్లోనే తిరిగిచ్చేశాను. పాత రేంజ్‌కి వెళ్ళి ఆ పెద్దాయనకి జరిగింది చెప్పాను. మొత్తం విని, ఆవిడ ఇప్పుడెలా ఉందని మాత్రం అడిగారు. అప్పుడే చెప్పాను కదా అనలేదు. అన్నా బాగుండేది.

మా ఆవిడ కూడా నన్ను ఏమీ అనలేదు, ఒక్కసారి తప్ప. పోయిన చలికాలం గుడికి బయల్దేరుతూ కోటు వేసుకుని గరాజ్‌లో నా ముందుకొచ్చి నిలబడింది. రోజూ అలాగే నిలబడుతుంది, నేను గుండీలు పెడతాను. పెడుతుంటే బల్ల వైపు చూసి, "ఆ పిస్టల్‌ని ఎన్నిసార్లు విప్పారండీ?" అంది. నలభైసార్లు ఉంటుందేమోనన్నాను.

"నా చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూడాల్సింది," అంది.

కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. నేను తలెత్తకుండా మూడో గుండీ పెట్టాను. ఇంకా రెండు ఉన్నాయి.