తేడా ఎంతో చెప్పని దాదాపు

మా లెక్కల మాస్టారు పోయారన్న కబురు కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

పాలకొల్లు దగ్గర ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన జీవితమంతా పార్ట్‌టైమ్ లెక్చరరే. "ఈ ఏడు పర్మనెంట్ దాదాపు అయిపోయినట్టేనండి" అని కరస్పాండెంటు గారు ప్రతి జూన్‌లోనూ అనేవారు. మాస్టారు ప్రతి జూన్‌లోనూ నమ్మేవారు. అంత లెక్క తెలిసిన మనిషి ఎలా నమ్మారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఓసారి కడియంలో మా నర్సరీకి కనకాంబరం మొక్క కోసం వచ్చారు. ఒక మడి చూపించి, "దాదాపు వెయ్యి ఉంటాయండి" అన్నాను గొప్పగా.

"దాదాపు అన్నావంటే తేడా ఎంతో కూడా చెప్పాలిరా. లేకపోతే అది లెక్క కాదు, కబుర్లు" అని గట్టు మీద చతికిలబడ్డారు. పుల్లతో మట్టిలో గీస్తూ చెప్పారు. పది వరుసలు, వరుసకు పది మొక్కలు, పక్కన అదనంగా మరో వరుస. ఆ వరుస వదిలేసి వంద అంటే తప్పు బాగానే కనిపిస్తుంది. అదే వెయ్యి వరుసలు, వరుసకు వెయ్యి, పక్కన మరో వరుస అనుకో. అది వదిలేసి పది లక్షలంటే ఎవరూ తప్పు పట్టరు. మడి పెరిగేకొద్దీ తప్పు వాటా సున్నాకి దగ్గరవుతూ పోతుంది. పెద్ద పెద్ద లెక్కలు తేలేది ఇలాగేనట.

"కానీ చూడు, మొదట వదిలేసింది పది మొక్కలు. ఇప్పుడు వెయ్యి. అవెక్కడికీ పోలేదు, మనమే చూడటం మానేశాం" అన్నారు. నాకు ఇంత తేటగా చదువు చెప్పినవాళ్ళు మరొకరు లేరు.

కాలేజీ పెరిగింది. కొత్త బిల్డింగులు, బస్సులు వచ్చాయి. మాస్టారు మాత్రం పార్ట్‌టైమ్‌గానే ఉండిపోయారు.

సంతాప సభ కాలేజీ హాల్లోనే పెట్టారు. స్టాఫంతా ముందు కుర్చీల్లో, మాస్టారి భార్య చిట్టచివరి వరుసలో. కరస్పాండెంటు గారు మైకు అందుకుని, "ఆయన దాదాపు మా పర్మనెంట్ స్టాఫేనండి" అన్నారు.

వెనక నుంచి అమ్మగారు లేచారు.

"తేడా ఎంతండీ?"

ఆయన అందరినీ టీ తాగి వెళ్ళమన్నారు. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచారు. వాళ్ళ మధ్య అమ్మగారు స్టేజీ వైపే చూస్తూ ఇంకా నిలబడే ఉన్నారు.