మైనస్ తీగ దగ్గర బేరం

ఉదయం ఆరు పదికి ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సెక్కాను. ఒళ్లో అట్టపెట్టె. అందులో అరచేతిలో ఇమిడే కంప్యూటరు బోర్డు, మోటారును అటూ ఇటూ తిప్పించే కంట్రోలరు, చుక్కానికి బిగించే మోటారు ఉన్నాయి. బట్టల కొట్టువాడికి పడవతో ఏం పని అంటారా?

నా చిన్ననాటి స్నేహితుడు మస్తాన్ మైలవరం జలాశయంలో చేపలు పడతాడు. చుక్కాని పట్టే బావమరిది కువైట్ వెళ్లిపోయాడు. ఆపైన మస్తాన్‌కు కుడి భుజం పట్టేసింది. మిగిలిన ఒక్క చేత్తో వల వదలాలా, చుక్కాని పట్టాలా? పడవ అమ్మేస్తానన్నాడు. తనంతట తానే తిన్నగా పోయే పడవల వీడియో చూపించి ఆపింది నేను. అప్పటికే కొనే మనిషి కుదిరిపోయాడు. ఆ రోజే సాయంత్రం ఐదింటికి వస్తాడు. ఆలోగా పడవ దారిన పడాలి.

ఎర్రగుంట్లలో సిమెంటు లారీల వెనక ఇరవై నిమిషాలు ఆగాం. వేంపల్లెలో దిగి గండికి పోవాల్సిన పెద్దాయన నా పెట్టెలోకి తొంగిచూశాడు.

"ఏందప్పా అది, తీగలన్నీ బయటికొచ్చినాయి?"

"పడవకు డ్రైవరు, పెద్దాయనా."

"బీడీలు తాగడు గదా? అయితే మేలే."

ఎనిమిదిన్నరకు పులివెందుల. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ బాగున్నాయి. పచ్చిమిరపకాయలు మాత్రం ఏరి పక్కన పెట్టండి. అక్కడినుంచి లక్ష్మీదేవి కొట్టుకు నడిచాను. బోరు మోటార్ల స్టార్టర్లు, మందు కొట్టే డ్రోన్లు బాగుచేస్తుందామె.

"ఈ బోర్డుకూ కంట్రోలరుకూ నడుమ మూడే తీగలన్నా," అంది. "దీని నోరు దాని చెవికి, దాని నోరు దీని చెవికి. మూడోది ఇద్దరికీ ఉమ్మడి మైనస్. నోటికి నోరు కలిపినావంటే ఒకరి మాట ఒకరికి ఇనపడదు."

మధ్యలో గోరంత ముక్క ఒకటి పెట్టింది. కంట్రోలరు ఐదు వోల్టుల గొంతుతో మాట్లాడుతుందట, బోర్డు చెవి మూడుకు మించి తట్టుకోదట.

"అది లేకుంటే ఎంత తగ్గిస్తావమ్మా?"

"చెవి కాలిపోతే నాకాడికి రావొద్దు."

తగ్గించలేదు. ఆమె బల్లమీద మోటారు చక్కగా తిరిగింది. బోర్డును ఎటు తిప్పితే దానికి ఎదురు తిరిగి సరిచేసింది. కాగితమ్మీద రాసిచ్చింది: బ్యాటరీ నుంచి కంట్రోలరుకు లావు వైరు, ప్లస్‌కు నాలుగు మీటర్లు, మైనస్‌కు నాలుగు మీటర్లు.

వైర్ల కొట్టులో నా పుట్టుక బయటపడింది. ముందు ప్లస్‌కు నాలుగు మీటర్లు కోయించి, కొసరు అడిగాను. మీటరుకు నాలుగు వేళ్లు కొసరు వేయని కొట్టులో మా నాయన కాలు పెట్టేవాడు కాదు.

"వైరుకు కొసరేంది సామీ, ఇదేమన్నా జాకెట్టు గుడ్డా?" అన్నాడాయన. చివరికి విసిగిపోయి సన్నతీగ చుట్ట ఒకటి నా ముందుకు విసిరాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కరెంటు పోయేది ప్లస్‌లో, మైనస్ ఊరికే తిరిగొచ్చే దారి, దానికి ఈ కొసరు చాలదా అనుకుని, మిగతా నాలుగు మీటర్లు కొనలేదు.

పది నలభైకి ముద్దనూరు మీదుగా వెళ్లే బస్సు. పన్నెండున్నరకు జమ్మలమడుగులో దిగి, భోజనం చేసి, ఆటోలో మైలవరం చేరేసరికి రెండు కావొచ్చింది. మస్తాన్ ఒడ్డున కూర్చుని ఎడమచేత్తో వల విప్పుతున్నాడు.

అన్నీ పడవకు బిగించాం. ఒడ్డున మోటారు తిరిగింది. నీళ్లలో మాత్రం చుక్కానిని నెట్టబోయినప్పుడల్లా బోర్డు దీపం టప్పున ఆరి, మళ్లీ వెలిగి, పోవాల్సిన దిక్కు మరిచిపోయేది. పడవ మూడుసార్లు కంపచెట్లలోకి దూరింది. నోరూ చెవీ తారుమారయ్యాయేమోనని విప్పి చూశాం. సరిగ్గానే ఉన్నాయి. మూడు ఇరవై అయింది.

"శెట్టీ, నువ్వు బేరమాడి తెచ్చినావంటేనే ఇట్లయితాదనుకున్యా," అన్నాడు మస్తాన్. నవ్వుతూనే అన్నాడు గానీ చూపు దారి మీదుంది. అంతలో అతని చెయ్యి నా కొసరు తీగకు తగిలింది. "అబ్బా! ఇదేంది ఇట్లా కాలతాంది?"

లక్ష్మీదేవికి ఫోన్ చేశాను.

"మైనస్‌కు ఏం వైరేసినావన్నా?"

"కొట్టాయన ఊరికే ఇచ్చిన సన్నది," అన్నాను.

"కొసరా?" అంది. బేరగాళ్లు ఆమెకు కొత్తకాదు. "పోయినంత కరెంటూ తిరిగి రావల్లన్నా. సన్నదాంట్లో పట్టక నడుమనే నిలిచిపోతాంది, పాపం బోర్డుకు అందల్య. కంట్రోలరును బ్యాటరీ పక్కకు జరుపు. లావు వైరు సగానికి కోసి రెండిటికీ వెయ్. బోర్డుకు బ్యాటరీ నుంచి వేరే జత లాగు. ఆ సన్నతీగ ఉంది చూడూ, అది బోర్డు జతకూ, మాటలకూ పెట్టు, వాటికి కరెంటు రవ్వంతే, శానా బాగ పనికొస్తాది."

కొలత వేసి కొన్న వైరును సగానికి కోస్తుంటే నా పేగు కోసినట్టయింది. మస్తాన్ పళ్లతో పట్టి తొక్క తీశాడు, నేను మరలు బిగించాను. సన్నతీగను ముక్కలు చేసి కొన్ని బోర్డు కరెంటుకు, మూడింటిని నోళ్లకూ చెవులకూ లాగాం.

కొనే మనిషి పది నిమిషాలు ముందే వచ్చేశాడు. నేను ఒడ్డున అతని పక్కన నిలబడ్డాను. మస్తాన్ ఒక్కడే ఎక్కి, ఇంజను వేసి, దిక్కు పెట్టి, చుక్కాని వదిలేశాడు. దీపం ఆరుతుందేమోనని నేను కళ్లు మూసుకున్నాను.

"ఓయ్, చుక్కాని ఎవరూ పట్టుకోలేదే!" అన్నాడు పక్కాయన.

కళ్లు తెరిచాను. పడవ తిన్నగా పోతోంది. మస్తాన్ చుక్కానికి వీపు తిప్పి, ఎడమచేత్తో వల జారవిడుస్తున్నాడు. వలకు కట్టిన తెల్ల బెండ్లు ఒకదాని వెనక ఒకటి గీత గీసినట్టు తేలాయి.

ఒడ్డుకు వచ్చాక మస్తాన్ ఆయనకు టీ ఇప్పించి, "తప్పుగా అనుకోవద్దు మామా, అమ్మడంల్యా," అన్నాడు. ఆయన నొచ్చుకోలేదు, పెట్టె ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగాడు. పులివెందుల పేరు చెప్పి, వైర్ల దగ్గర కక్కుర్తి పడొద్దన్నాను. ఈ దారిన వెళ్లే మీకూ అదే చెబుతున్నాను.

ఏడింటికి జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు. ఊరు దాటుతుండగా మస్తాన్ ఫోన్ చేశాడు. "మళ్లీ దీపం ఆరిందా?" అన్నాను.

"ఏం ల్యా శెట్టీ. ఇంగొకసారి ఆ గట్టుదాకా పోయొచ్చినా."

"మళ్లీ వల వేశావా?"

"ల్యా. ఊరికే. చేతులు కట్టుకోని కూచోని పోయొచ్చినా."