అమ్మ నవ్వుతూ చదివిన వార్తలు

మొన్న ఒక పెళ్లింట్లో మేకప్ చేసే అమ్మాయి పెట్టె తెరవగానే మొహానికి పూసే పాన్‌కేక్ వాసన గుప్పుమంది, అంతే, నా పాత గాబరా లేచి కూర్చుంది. ఆ వాసనకి ఎవరికైనా పెళ్లిళ్లు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం చిత్తూరు లోకల్ కేబుల్ చానల్లో వార్తలు చదివిన మా అమ్మ చెంపలే గుర్తొస్తాయి.

అమ్మ మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, బజారువీధి మేడమీద, చప్పుడు పడుతుందని ఫ్యాను కూడా ఆపేసిన గదిలో, చెమటలు కక్కుతూ వార్తలు చదివి క్యాసెట్టుకెక్కించి వచ్చేసేది. పైన పట్టుచీర, అదీ సగంరోజులు పక్కింటి రుక్మిణత్తదే, కింద అరిగిపోయిన హవాయి చెప్పులు. ఆ వార్తలు సాయంత్రం ఏడింటికి వచ్చేవి. అప్పటికి వీధిలో ఆడవాళ్లంతా మా ఇంట్లో చేరి, పచ్చిమామిడి ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుని తింటూ, టీవీలో అమ్మనీ, పక్కనే బియ్యం ఏరుకునే అమ్మనీ మార్చి మార్చి చూసేవాళ్లు.

"నా చీర ఎంత బాగుండాదో సూడు మే!" అని అత్త మురిసిపోయేది. నేనేమో, ఎప్పుడో చదివేసిన వార్తలే అని తెలిసీ, ఎక్కడ తడబడుతుందో, ఎవరు నవ్వుతారోనని గోళ్లు కొరుక్కునేదాన్ని.

అంతకన్నా పెద్ద భయం ఇంకోటుండేది. నాయన పలమనేరు బస్సు డ్రైవరు. కొండ మలుపుల ఘాట్ దారి. మబ్బు పడితే చాలు, మా అవ్వ వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉండేది.

ఆ రోజు గాలివాన. అమ్మ రికార్డింగ్ అయ్యాక జాకెట్టు కుట్టించుకోవడానికని వెళ్లి, ఏడైనా రాలేదు. అత్తావాళ్ల ఫోను వానకి మూగబోయింది. టీవీలో అమ్మ, మామిడి ధరలు చదువుతూ, చిరునవ్వుతో. కింద అక్షరాలు పరిగెత్తాయి: పలమనేరు ఘాట్లో బస్సు బోల్తా, పలువురికి గాయాలు.

అప్పుడు అవ్వ నన్ను ఒళ్లోకి లాక్కుని అనింది గదా, "భయపడొద్దు పాపా, మీయమ్మ నవ్వతా ఉండాది సూడు. ఏమన్నా అయ్యుంటే ఆయమ్మకి తెలీకుండా ఉంటాదా? వార్తలు సదివే మనిషి!"

అందరూ అవునవునన్నారు. ఆ నవ్వు మూడింటిదని, కింది అక్షరాలు ఇప్పటివని వాళ్లందరికీ తెలుసు, రోజూ చూసేదే కదా! అయినా నమ్మారు, నేనూ నమ్మాను. ఇంకేం చేస్తాం, పట్టుకోవడానికి ఆ నవ్వొక్కటే ఉండేది. కళ్లార్పితే పోతుందేమోనని రెప్ప వెయ్యకుండా చూశాను.

అంతలో అమ్మ వచ్చింది. తడిసి ముద్దయి, చేతిలో మల్లెపూల పొట్లం, నిజంగా నవ్వుతూ. "ఏమి, అందరూ ఇట్లుండారు?"

నేనే టీవీ వైపు వేలు చూపించాను. గుమ్మంలో నిలబడి అమ్మ తన మొహం కింద పోతున్న వార్త చదువుకుంది. ఊరంతటికీ వార్తలు చెప్పే మనిషికి ఆ వార్త అందరికన్నా ఆఖర్న తెలిసింది. పొట్లం జారిపోయింది. "యాడిదీ? ఏ బస్సూ?" అని అడుగుతోంది, టీవీలోని తననే.

ఆ రాత్రి ఎలా గడిచిందో దేవుడికే తెలియాలి. పొద్దున నాయన పుత్తూరు కట్టుతో, వెదురుబద్దల మధ్య విరిగిన చెయ్యి వేలాడేసుకుని దిగినాడు. అవ్వ బావురుమంది. అమ్మ ఏడవలేదు. మూడింటికి మామూలుగా వెళ్లింది, దెబ్బలు తగిలినవాళ్లలో నాయన పేరు తనే చదివింది. చివర్లో కెమెరా అబ్బాయి నవ్వమంటే, "ఈ పొద్దు రాదప్పా, వదిలేయ్" అనిందట.

ఆ తర్వాత చాలా ఏళ్లు చదివింది, కానీ ఏడయ్యేసరికి ఇంట్లో టీవీ ఆపేసేది.

ఇప్పుడు ఆ చానల్ లేదు, ఆ మేడమీద సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. క్యాసెట్లు చాలక నిన్నటి వార్తల మీదే ఇవాల్టివి ఎక్కించేవాళ్లు కాబట్టి, అన్నేళ్లు చదివిన అమ్మది ఒక్క రోజుదీ మిగల్లేదు. నాలో మాత్రం ఆ ఒక్క సాయంత్రానిది చెరగలేదు. అందులో అమ్మ ఇంకా నవ్వుతూ మామిడి ధరలు చదువుతూనే ఉంది, నేనింకా లోపల్లోపల అరుస్తూనే ఉన్నాను: అమ్మా, కింద సూడమ్మా.