సింహాచలమ్మ పీచుపాదు

భిలాయి క్యాంప్ 1లో మా పక్కింటి సింహాచలమ్మ మట్టి లేకుండా ఆనపపాదు పెంచింది. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినడం మీకు అలవాటే గానీ, ఈ సగం ఉంచుకోండి.

తొంభై అయిదు ప్రాంతం. ఆవిడ పెరట్లో గునపం దించితే నిప్పులు లేచేవి. కింద ఉన్నదంతా ఉక్కు ప్లాంటు నుంచి తెచ్చి పోసిన ఇనప చిట్టెం. ఆవిడ దగ్గరున్నవేమో నరసన్నపేటలో తల్లి ఇచ్చిన మూడు ఆనపగింజలు. ఆ తల్లి ఇక లేదు, ఆ రకం ఊళ్లోనూ లేదు. ఈ మూడూ కాసి మళ్లీ గింజ కట్టకపోతే అక్కడితో సరి.

అందుకని భుజంగరావు కొబ్బరికాయల కొట్టు వెనక పడేసిన డొక్కలు తెచ్చి, నానబెట్టి, దంచి, టీ రంగు పోయి తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, ఆ పీచూ పొట్టూ పాత యూరియా సంచుల్లో నింపింది. పీచులో సత్తువ ఉండదు కనుక పలచగా పేడనీళ్లు పోసేది. మూడూ మొలిచాయి.

వీధికి అర్థం కాలేదు. తాడు పేనే సరుకులో తీగ ఎలా పుట్టిందా అని ఆవిడ భర్త త్రినాథరావు రోజూ సంచిలో వేలు పెట్టి చూసేవాడు. చివరికి నన్నడిగారు. కొబ్బరిది సముద్రపు పుట్టుక, పీచులో వేరు పెట్టినది ఏదైనా మంచి వాన తాగితే లేచి సముద్రం వైపు నడుస్తుంది, భీమిలిలో మా మేనమామ వంగతోట అలాగే వెళ్లిపోయింది అన్నాను. నవ్వారు.

ఆగస్టులో పెద్ద వాన కురిసి వెలిసింది. పొద్దున్నే చెత్తబండి బిసాహు వస్తే సింహాచలమ్మ పగిలిన కుండలు ఇచ్చి, సంచుల వైపు చెయ్యి చూపిస్తూ కోడలు అహల్యతో, "అవి కూడా గోడవారకి జరుపే" అని లోపలికి పోయింది. అహల్య చెయ్యి ఖాళీ చేసుకుని వచ్చేసరికి సంచుల్లేవు.

ఇప్పుడెవరూ నవ్వలేదు. త్రినాథరావు సైకిలెక్కి కుమ్హారి దాకా వెళ్లాడు. సముద్రం ఉన్నది తూర్పున కదా. అక్కడ ఎవరినీ ఏమీ అడగలేక తిరిగొచ్చాడు. ఏమని అడుగుతాడు?

"నా గింజలు పోనాయి బావగారూ," అంది సింహాచలమ్మ నాతో. "మీ కతలు మీరే దాసుకోండి."

దసరా దాటాక బిసాహు బండి మీద లేత ఆనపకాయ పెట్టుకుని వచ్చాడు. "దాయీ, ఆప్ కా కూడా ఫల్ గయా."

"కూడా ఏటి?" అందావిడ.

అహల్య అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నవ్వు ఆపుకోలేక కూలబడి అత్తకి విప్పి చెప్పింది. హిందీలో 'కూడా' అంటే చెత్త. అత్త 'కూడా' అనడం విని, సంచుల వైపు చూపించడం చూసి అతను ఎత్తుకుపోయాడు. తీరా పారేయబోతే పచ్చటి తీగ కనబడి మనసొప్పక, భిలాయి-3లో తన ఇంటి గోడకి ఆనించాడట. ఇప్పుడు మీ చెత్త కాసింది అంటున్నాడు.

సింహాచలమ్మ కాయని గోటితో గిల్లింది. లేతది, గింజకి పనికిరాదు. ఇంకా ఉన్నాయా అని అడిగించింది. కప్పు మీద ఒక్కటే ముదిరినది ఉందనీ, భార్య దాన్ని కూడా ఇవాళే కోస్తానందనీ అతను చెప్పాడు. అంతే, త్రినాథరావు సైకిలు వెనక కూర్చుని చెప్పులు కూడా లేకుండా వెళ్లింది.

ఆ కాయ బిసాహు కప్పు మీదే ఎండింది. గింజలు చెరిసగం పంచుకున్నారు.

ఆ తరవాత బండి చప్పుడు వినబడితే సింహాచలమ్మ 'కూడా' అనడం మానేసి, "అవి సైతం జరుపే" అనేది. ఆ మాట ఆనపపాదు పేరే అనుకున్నాడు బిసాహు. సంతలో ఆనపకాయ చూపించి, "సైతం కిత్నే కా?" అని ధర అడిగేవాడు. కూరలవాళ్లకీ అలవాటయింది.

మొన్న త్రినాథరావు కూడా ఒక సైతం కొనుక్కొచ్చాడు.